గడియ

పోయిన ఏడు మేం ఇంటింటికీ పంపిన ప్రశ్నాపత్రం
నాలుగు పేజీలు, ఇరవై ఏడు ప్రశ్నలు.
"మీ పిల్లల బడి మీద మీకున్న సంతృప్తికి
ఒకటి నుంచి ఐదు దాకా ఒక అంకె వేయండి."
రాసింది నేనే.
ఆరువందల గడపలు తొక్కి
తిరిగొచ్చినవి పందొమ్మిది.
వాటిలో ఒకదాని మీద
టీ కప్పు గుండ్రటి మరక తప్ప ఏమీ లేదు.

కౌన్సిల్ హాల్లో మధ్యాహ్నం రెండింటికి సమావేశం.
అరవై కుర్చీలు, మూడు పళ్లేల బిస్కెట్లు,
గోడ మీద "మీ మాటే మా బాట".
వచ్చింది నలుగురు,
అందులో ఇద్దరు టీచరమ్మల మొగుళ్లు.
మిగిలిన బిస్కెట్లు ఆఫీసులో వారం తిన్నాం.
నివేదికలో
"తల్లిదండ్రులకు ఆసక్తి తక్కువ" అని రాశాను.
ఆ మాట రాయడానికి అర నిమిషం పట్టలేదు.

మా ఆఫీసు తాళాలు చూసే వాటీ బుకన్
నలభై ఏళ్లు ఉత్తర సముద్రంలో వలలు లాగినవాడు.
తలుపు వేస్తూ అన్నాడు:
"చేప పడలేదని నీళ్లని తిడతామా అమ్మాయ్?
వల ఎక్కడ వేశావ్?"

అందుకని ఫిబ్రవరిలో
ఇంకా కోడికి కూడా తెల్లారని ఐదింటికి
ఫ్రేజర్‌బర్గ్ రేవులో, చేపల ఫ్యాక్టరీ గేటు ముందు
ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డాను.
గాలి చెవులు కోస్తోంది.
రాత్రి షిఫ్టు దిగి వస్తున్నారు,
మోచేతుల దాకా హెర్రింగ్ పొలుసులు మెరుస్తూ.
కాగితం చాపితే
"చేతులు తడి" అని నవ్వింది ఒకామె.
మడిచి సంచిలో పెట్టేశాను.
టీ పోశాను.

లాట్వియా నుంచి వచ్చిన జింత్ర
తొమ్మిదేళ్లుగా ఈ ఊరి చేపలే కోస్తోంది.
కప్పుని రెండు అరచేతులతో పొదువుకుని
ఒక్కో మాటా కూడబలుక్కుని చెప్పింది:
"మా వాడు బడిలో నీళ్లు తాగడు.
సీసా ఎలా పంపితే అలా నిండుగా ఇంటికొస్తుంది.
మూడు నెలలు బతిమాలితే చెప్పాడు.
మరుగుదొడ్డి తలుపుకి గడియ లేదు.
తాగితే పోవాలి.
పోతే ఎవరో తలుపు తోస్తారు. నవ్వుతారు."

"మా పిల్లా అంతే," అంది పక్కనున్నామె.
వెనక నుంచి ఇంకొకరు. ఇంకొకరు.
ఒకే బల్ల ముందు నిలబడి రాత్రంతా చేపలు కోసేవాళ్లు,
ఎవరికి వారే
తమ బిడ్డ ఒక్కడే మొండివాడనుకున్నారు.

నా ఇరవై ఏడు ప్రశ్నల్లో
నాణ్యత ఉంది, భాగస్వామ్యం ఉంది,
దార్శనికత కూడా ఉంది.
(అదేమిటో నన్నడగొద్దు.)
గడియ లేదు.

గడియకి పదకొండు వారాలు పట్టింది.
ఆస్తుల విభాగం పనుల విభాగానికి రాసింది,
పనుల విభాగం భద్రత విభాగాన్ని అడిగింది.
లోపల పిల్లాడు ఇరుక్కుంటేనో?
హెడ్‌మిస్ట్రెస్ కౌయి గారు రెండుసార్లు ఫోన్ చేసి
మూడోసారి ఏడ్చినంత పని చేశారు.
ఆఖరికి ఆ ఆడవాళ్లనే ఫ్యాక్టరీ క్యాంటీన్లో కూర్చోబెట్టి
బల్ల మీద నాలుగు రకాల గడియలు పరిచాం.
పెద్ద గొంతుల వాళ్లు, వాదించారు,
తీసి పెట్టి, పెట్టి తీసి, చిటికెన వేలితో లాగి చూసి
బయట నుంచి నాణెంతో తిప్పితే తెరుచుకునేది
ఏరారు.
అన్నింటికన్నా చవకది అదే.

సమీక్షలో కౌన్సిలర్ గారు అడిగారు:
"చదువుల్లో ఎంత శాతం పెరుగుదల?"
ఏం చెప్పను.
తెలియదన్నాను.
మినిట్స్‌లో అలాగే ఎక్కింది.

మే నెలలో మళ్లీ గేటు దగ్గరికి వెళ్లాను.
జింత్ర సంచిలోంచి నీలం సీసా తీసి
నా కళ్ల ముందే బోర్లించింది.
ఒక్క చుక్క రాలి నా బూటు మీద పడింది.
నేనింకా దాన్నే చూస్తున్నాను,
ఆమె అప్పుడే కప్పు చాపి అంటోంది:
"సరే. ఇక బస్సు సంగతి రాసుకో."